హ్యాండిలు తిప్పి చూడండి

రామచంద్రపురంలో మోటారు సైకిళ్ళ హెడ్ లైట్లు బాగుచేస్తూ బతికాను. ఆడమనిషికి ఈ పనేంటని మొదట్లో చాలామంది అడిగేవారు. తర్వాత తర్వాత ఆ మాట తగ్గింది. ఆఖరి రోజుల్లో అయితే "సత్యవతమ్మ గారి షెడ్డు ఎటండీ" అని దారి అడుక్కుంటూ వచ్చేవారు. ఇప్పుడు ఆ షెడ్డు లేదు. నా వేళ్ళు బిగుసుకుపోయాయి. సన్న స్క్రూ పట్టుకుంటే చేతిలో నిలవడం లేదు.

మొన్నామధ్య ఐటిఐలో ఎలక్ట్రికల్ చదువుతున్న ఇద్దరమ్మాయిలు మా ఇంటికొచ్చి, "ఈ పని ఎలా ఉంటుందండీ, మేం చెయ్యగలమా" అని అడిగారు. చెయ్యగలరన్నాను, టీ ఇచ్చాను, పంపేశాను. వాళ్ళు వెళ్ళాక చెప్పాల్సినవన్నీ గుర్తొచ్చాయి. అవే ఇక్కడ రాస్తున్నాను. ఏ బండికి ఏ రంగు వైరు వస్తుందో పుస్తకాల్లో ఉంటుంది. దాని జోలికి పోను.

ఇంట్లోంచి షెడ్డుకి

మా నాన్న నీళ్ళ మోటార్లకి వైండింగ్ చేసేవారు. ఆయన పక్కన కూర్చుని రాగితీగ చుట్టడం చిన్నప్పుడే నేర్చుకున్నాను. పెళ్ళయ్యాక కూడా మానలేదు. మా ఆయన రైసు మిల్లులో పని. ఆయన మిల్లుకి వెళ్ళగానే నేను వరండాలో రీలు ముందేసుకుని కూర్చునేదాన్ని.

అప్పటి బళ్ళలో చాలావాటికి హెడ్ లైటు బ్యాటరీ మీద వెలిగేది కాదు. ఇంజను తిరిగితే, దాని పక్కనే ఉన్న చిన్న రాగితీగ చుట్ట కరెంటు పుట్టించేది. దాన్నే లైటు కాయిల్ అనేవాళ్ళం. అది కాలిపోతే పాత తీగ విప్పి కొత్తది చుట్టాలి. చుట్టేటప్పుడు తీగ మీద పూత ఎక్కడన్నా గీసుకుపోతే ఆ కాయిల్ ఇక పనికిరాదు. వీర్రాజు మేస్త్రి గారని, కాలవ వంతెన పక్కన మెకానిక్ షెడ్డు ఆయనది, కాలిపోయిన కాయిళ్ళు సంచిలో వేసుకొచ్చి నాకిచ్చేవారు. చుట్టినవి పట్టుకెళ్ళేవారు. చాలాకాలం మా మధ్య మాటలు అంతవరకే.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "మేస్త్రి గారూ, నేను చుట్టింది వెలుగుతోందో లేదో నాకెలా తెలుస్తుందండీ?"

ఆయన సంచి భుజానికి తగిలించుకోబోతూ ఆగారు. "బాగోకపోతే తిరిగి తెస్తాను కదమ్మా. తేవట్లేదంటే వెలుగుతున్నట్టేగా."

"అలా కాదండీ. చూడాలనుంది."

"అయితే రేపు షెడ్డుకి రా. నువ్వు చుట్టింది నువ్వే వెలిగించుకుందువుగాని."

మర్నాడు వెళ్ళాను. ఆయన కాయిల్ బిగించి, కిక్కు కొట్టి, హ్యాండిలు నా చేతికిచ్చి రేజ్ చెయ్యమన్నారు. కొంచెం తిప్పాను. ఎదురుగా సున్నం వెలిసిపోయిన గోడ మీద పసుపుపచ్చటి వెలుగు పడింది. ఇంకొంచెం తిప్పితే తెల్లబడింది. వదిలితే మళ్ళీ పచ్చబడి చిన్నదైపోయింది. నేను ఇంట్లో కూర్చుని చుట్టిన తీగలో ఇంత ఉందా అనిపించింది. ఆ గోడ, ఆ వెలుగు, ఇంజను వేడికి కాలే వార్నిష్ వాసన, ఇప్పటికీ తలుచుకుంటే ఎక్కడికైనా లేచి వెళ్ళిపోవాలనిపిస్తుంది. ఎక్కడికని వెళ్తాను.

ఆ సాయంత్రం మా ఆయనతో చెప్పాను. ఆయన అన్నం కలుపుకుంటూ, "రోజూ వెళ్తావా ఏంటి?" అన్నారు. వెళ్తానన్నాను. "మిల్లు గేటు దాటాకే కదా వంతెన. ఇద్దరం కలిసే వెళ్దాం" అన్నారు. ఆయన అలాంటి మనిషి కాబట్టి నా బతుకు ఇలా నడిచింది.

మేస్త్రి గారి పద్ధతి

బండి రాగానే బల్బు మీద చెయ్యి వేస్తే మేస్త్రి గారికి నచ్చేది కాదు. "ముందు మనిషిని అడుగు" అనేవారు. ఎలా ఆరిపోయింది? ఒక్కసారిగానా, మిణుకు మిణుకుమంటూనా? డిమ్ము, బ్రైటు రెండూ పోయాయా, ఒక్కటే పోయిందా? గుంటలో పడ్డప్పుడా, స్పీడుగా వెళ్తున్నప్పుడా? ఇవన్నీ అయ్యాకే స్క్రూ డ్రైవరు తీసేవారు.

బల్బు బయటికి తీశాక పారేయకుండా వెలుతురుకెదురుగా పట్టి చూడాలి. లోపల నల్లగా పొగచూరితే అది కాలం తీరి పోయిందో, కరెంటు ఎక్కువై పోయిందో. తెల్లగా పాలపొడి చల్లినట్టుంటే ఎక్కడో గాలి దూరింది. అద్దం శుభ్రంగా ఉండి తీగ తెగి ఊగుతుంటే కుదుపుకి పోయింది, అప్పుడు హెడ్ లైటు బిగింపు చూడాలి. బల్బులో తప్పే లేకపోతే హోల్డరు, కనెక్టరు, స్విచ్చి, చివరికి ఎర్తు. మా వైపు గాలిలో తేమెక్కువ. సముద్రం దగ్గర చేపల వేటకెళ్ళేవాళ్ళ బళ్ళయితే ఎర్తు వైరు బోల్టు కింద తుప్పు పట్టి పిండైపోయి ఉండేది. గీకి, గ్రీజు రాసి బిగిస్తే పాత బల్బే చక్కగా వెలిగేది.

కడియం నుంచి ఒక నర్సరీ ఆయన వచ్చారు. మొక్కల కుండీలు వెనక కట్టుకుని తిరిగే మనిషి. మాటిమాటికీ బల్బు పోతోందన్నారు. "ఈమధ్య బల్బులు మంచివి రావట్లేదండి" అని ఆయన ఫిర్యాదు. దారిలో ఎవరి షాపులో ఆగినా కొత్త బల్బు వేసి పంపేసేవారట. మేస్త్రి గారు బల్బు వెయ్యకుండా ముందు మీటరు పెట్టి బండి రేజ్ చేయించారు. ముల్లు ఉండాల్సిన చోట ఆగకుండా పైకి పోయింది. కరెంటుని అదుపులో పెట్టే రెగ్యులేటరు చచ్చిపోయి ఉంది. అది మార్చాక ఆయన చాలాకాలం మా షెడ్డు వైపు రాలేదు. మేస్త్రి గారు, "మన పని బాగుంటే మనుషులు కనపడరమ్మా, అదొక్కటే బాధ" అన్నారు.

మీకు ఒక మాట సూటిగా చెప్తాను. బల్బు మార్చడం పని కాదు. ఎందుకు పోయిందో తెలుసుకోవడం పని. ఎందుకో తెలియకుండా కొత్తది పెట్టేవాళ్ళని నేను మెకానిక్ అనను.

నర్సు కరుణ గారి మోపెడ్

ఇంత పద్ధతిగల మేస్త్రి గారి చేతిలోనూ ఒకటి తప్పిపోయింది. నాకు ఈ పని నిజంగా తెలిసింది ఆ రోజునే.

కరుణ గారు ఊళ్ళు తిరిగే నర్సు. గర్భిణులకి సూదులు, పిల్లలకి టీకాలు, కాన్పులకి తోడు వెళ్ళడం ఆవిడ పని. తెల్ల చీర, దాని మీద మగవాళ్ళ పాత స్వెట్టరు, మోపెడ్ ముందు టీకాల పెట్టె. పెళ్ళి చేసుకోలేదు. గట్టిగా మాట్లాడేవారు, ఇంకా గట్టిగా నవ్వేవారు. ఒకరోజు వచ్చి, "లైటు అప్పుడప్పుడు ఆరిపోతోందండీ మేస్త్రి గారూ. మళ్ళీ దానంతటదే వస్తోంది" అన్నారు.

మేస్త్రి గారు మామూలుగా అడగాల్సినవన్నీ అడిగారు. బండి స్టాండు వేసి వెలిగించారు. బ్రహ్మాండంగా వెలిగింది. బల్బు సరిచేసి పంపారు. కొన్నాళ్ళకి మళ్ళీ వచ్చారు. ఈసారి హోల్డరు కొత్తది వేశారు. స్టాండు మీద మళ్ళీ చక్కగా వెలిగింది.

ఆ వానాకాలంలో ఒక సాయంత్రం, మసక పడుతుండగా, ఒక పల్లెలో నొప్పులు పడుతున్న అమ్మాయి ఉందని కబురొస్తే కరుణ గారు కాలవ గట్టు మీద బయల్దేరారు. నీళ్ళు ఆపే లాకులు దాటాక గట్టు ఎడమకి గట్టిగా తిరుగుతుంది. ఆవిడ హ్యాండిలు తిప్పగానే లైటు ఆరింది. బండి తిన్నగా కాలవలోకి పోయింది. గుర్రపుడెక్క దట్టంగా ఉండబట్టి ఆవిడ మునగలేదు. కానీ భుజం దగ్గర ఎముక విరిగింది.

నాట్లేసి తిరిగొస్తున్న కూలీలు ట్రాక్టరు మీద ఉండి చూశారు. పైకి లాగి ఆసుపత్రికి తీసుకెళ్తామన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు. "ముందు ఆ పిల్ల ఇంటికి పోనివ్వండి. దాన్ని కూడా ఎక్కించుకుని వెళ్దాం" అన్నారు. అలాగే వెళ్ళారు. ట్రాక్టరు ట్రక్కులో గడ్డి పరిచి ఒక పక్క నొప్పులు పడుతున్న అమ్మాయి, ఇంకో పక్క విరిగిన భుజాన్ని చీర కొంగుతో కట్టుకుని కరుణ గారు. దారి పొడుగునా ఆ అమ్మాయికి ఊపిరి ఎలా తీసుకోవాలో చెప్తూనే ఉన్నారట. ఆసుపత్రి చేరిన కాసేపటికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా బాగున్నారని తెలిశాకే కరుణ గారు తన భుజం చూపించుకున్నారు.

మర్నాడు మోపెడ్‌ని కాలవలోంచి తీసి మా షెడ్డుకి తెచ్చారు. బురద కడిగి, ఆరబెట్టి, మేస్త్రి గారు కిక్కు కొట్టారు. లైటు వెలిగింది. ఏ లోపమూ లేనట్టు నిండుగా వెలిగింది. ఆయన దాన్ని చూస్తూ చాలాసేపు కుర్చీలో కూర్చుండిపోయారు.

"సత్యవతీ, స్టాండు తియ్యి" అన్నారు ఆఖరికి.

తీశాను. నన్ను గోడ వైపు చూస్తూ ఉండమని, ఆయన హ్యాండిలు మెల్లగా కుడికి తిప్పారు. వెలుగుతోంది. ఎడమకి తిప్పారు. చివరిదాకా వెళ్ళేసరికి గోడ మీద వెలుగు పుటుక్కున పోయింది. కొంచెం వెనక్కి తెస్తే మళ్ళీ వచ్చింది.

హ్యాండిలు మెడ దగ్గర వైర్లు వంగే చోట ఒక వైరు పట్టుకుని బ్లేడుతో తొడుగు చీల్చారు. పైన తొడుగు కొత్తదానిలా ఉంది. లోపల రాగి తెగిపోయి రెండు కొసలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. హ్యాండిలు ఎడమకి తిరిగితే విడిపోతున్నాయి.

"రెండుసార్లు తెచ్చింది ఆవిడ. రెండుసార్లూ తిన్నగా నిలబెట్టి చూశాను. ఒక్కసారి తిప్పలేదు" అన్నారు. ఆయన గొంతు అలా ఎప్పుడూ వినలేదు.

అప్పుడే ఆసుపత్రికి బయల్దేరారు. నన్నూ రమ్మన్నారు. కరుణ గారు కట్టుతో మంచం మీద ఆనుకుని కూర్చుని ఉన్నారు. మేస్త్రి గారు డొంకతిరుగుడు లేకుండా చెప్పేశారు. "తప్పు నాదేనండి. నేను చూడాల్సింది చూడలేదు."

కోపంగా ఏదో అంటారనుకున్నాను. అనే హక్కు ఆవిడకుంది కూడా.

"మాకూ జరుగుతుందండీ" అన్నారు మెల్లగా. "నడిస్తే నొప్పంటారు. మేం మంచం మీద పడుకోబెట్టి చూసి, ఏం లేదు పొమ్మంటాం. ఒకసారి నడిపించి చూడాలని తోచదు. నాకూ ఒకసారి తోచలేదు." తర్వాత, "బండి బాగుచేశారా?" అని అడిగారు.

"చేశానండి."

"అయితే ఈసారి ఈ అమ్మాయి నా వెనకాల కూర్చుని ఆ గట్టు మీదకొచ్చి చూసి చెప్పాలి. మీరు చెప్తే నేను నమ్మను" అని నవ్వారు. నవ్వితే భుజం నొప్పెట్టి కళ్ళు మూసుకున్నారు.

బయటికొచ్చాక మేస్త్రి గారు నాతో, "ఇకనుంచి లైట్లన్నీ నువ్వే చూడు. నేను ఇంజన్లు చూసుకుంటాను" అన్నారు.

గట్టు మీద

భుజం అతుక్కున్నాక కరుణ గారు అన్నట్టే వచ్చారు. నేను వెనక కూర్చున్నాను. లాకుల దాకా వెళ్ళాక బండి ఆపి దిగిపోయారు.

"మీరు నడపండి" అన్నారు.

"నాకు రాదండీ."

"ఇన్ని బళ్ళు బాగుచేశారు, నడపడం రాదా?"

నిజంగానే రాదు. లైటుని ఎప్పుడూ గోడ మీదే చూశాను, లేదంటే ఎదురుగా నిలబడి అద్దంలోకి చూశాను. సీటు మీద కూర్చుని, అది వెలిగించే దారిని ఎప్పుడూ చూడలేదు. ఆవిడ ఆ సాయంత్రమే నేర్పడం మొదలుపెట్టారు. చాలాసార్లు పడబోయి, కొన్నిసార్లు పడి, చివరికి వచ్చింది.

మొదటిసారి మసక చీకట్లో నేను నడుపుతూ, ఆవిడ వెనక కూర్చుని వెళ్ళిన రోజు మర్చిపోలేను. రెండు పక్కలా కొబ్బరి చెట్లు, నీటి మీద నుంచి చల్లగాలి, లైటులోకి ఎగిరొచ్చే పురుగులు. మలుపు దగ్గర భయమేసి రేజ్ తగ్గించాను. వెంటనే లైటు కుచించుకుపోయింది. గుంట కనపడలేదు.

అప్పుడు అర్థమైంది. ఎక్కడ జాగ్రత్తగా మెల్లగా పోవాలో, సరిగ్గా అక్కడే ఆ బళ్ళు మనిషిని చీకట్లో వదిలేస్తాయి. గోడ ముందు నిలబడి రేజ్ చేసి చూసుకునే నాకు అది ఎప్పటికీ తెలిసేది కాదు. అప్పట్నుంచి ఏ బండి వచ్చినా రేజ్ పూర్తిగా తగ్గించి వెలుగు ఎంతుందో చూసేదాన్ని. బండి ఆగి ఉన్నప్పుడు ఇంజను తిరిగే వేగం కాస్త పెంచి ఇచ్చేదాన్ని. పెట్రోలు కొంచెం ఎక్కువ తాగుతుందని సణిగేవారు. సణగనిచ్చేదాన్ని.

ఆ తర్వాత మేమిద్దరం వీలైనప్పుడల్లా వెళ్ళేవాళ్ళం. పని ముగించుకుని కోటిపల్లి రేవు దాకా. అక్కడ గట్టు మీద కూర్చుని ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు తినేవాళ్ళం. పడవ అవతలి ఒడ్డుకి పోతుంటే ఆవిడ చూసిన కాన్పుల సంగతులు చెప్పేవారు. నేను బళ్ళ సంగతులు చెప్పేదాన్ని. వెళ్ళేటప్పుడు ఒకరు నడిపితే తిరిగొచ్చేటప్పుడు రెండోవాళ్ళు నడపాలని మాట. ఇద్దరం ముసలివాళ్ళమయ్యేదాకా ఇలాగే తిరుగుతామనుకున్నాను. మనసులోనే అనుకున్నాను, పైకి ఎప్పుడూ అనలేదు.

మేస్త్రి గారికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. అయినా రోజూ షెడ్డుకొచ్చి కుర్చీలో కూర్చునేవారు. నేను ఏ బండి హ్యాండిలైనా ఇటూ అటూ తిప్పి చూస్తుంటే తల ఊపేవారు. ఒక ఉగాదికి ముందు పోయారు. షెడ్డు నాకే అప్పగించి వెళ్ళారు. తర్వాత మిల్లు మూతపడింది, ఇంకొన్నాళ్ళకి మా ఆయనా పోయారు. పొద్దున్నే వంతెన దాకా ఒక్కదాన్నే నడిచి వెళ్ళడం అలవాటు కావడానికి చాలాకాలం పట్టింది. అలవాటైందని ఇప్పటికీ చెప్పలేను.

ఇప్పటి లైట్లు

ఇప్పుడు అంతా ఎల్ఈడీ. బల్బంటూ వేరే ఉండదు, పోతే మొత్తం సెట్టు మార్చడమే. బండి స్టార్టు కాగానే లైటు దానంతటదే వెలుగుతుంది, ఆర్పడానికి స్విచ్చి కూడా లేదు. పాత లైట్లే గొప్పవని నేను అనను. ఇప్పటి లైటు మెల్లగా వెళ్ళినా తగ్గదు. కరుణ గారికి ఆ రోజు ఇలాంటిది ఉండుంటే అని చాలాసార్లు అనుకున్నాను.

కానీ మీరు చెయ్యాల్సిన పని ఇంకా ఉంది. సెట్టు మారినా వైరు అదే మెడ దగ్గర వంగుతుంది. అదే తేమలో కనెక్టరు అలాగే పచ్చబడుతుంది. ఇంకోటి, బయట కొన్న తెల్లటి లైట్లు తెచ్చి బిగించమంటారు. ఎదురొచ్చేవాడి కళ్ళల్లో సూదులు గుచ్చినట్టుంటుంది. బిగించొద్దు. గిరాకీ పోతే పోనివ్వండి. లైటు ఎత్తు సరిచేసేటప్పుడు బండి మీద దాని మనిషిని కూర్చోబెట్టి, ఎప్పుడూ మోసే బరువు వెనక పెట్టించి అప్పుడు చూడండి. బరువు పడితే వెనక దిగుతుంది, ముందు లైటు ఆకాశం చూస్తుంది.

నేను ఇంతకన్నా నేర్పలేను. ఈ పనిలో నాకు దొరికినవి మీకు దొరుకుతాయో లేదో తెలీదు. దొరకాలని కోరుకుంటున్నాను.

జంగారెడ్డిగూడెంలో

కరుణ గారు రిటైరయ్యాక జంగారెడ్డిగూడెం దగ్గర చెల్లెలింటికి వెళ్ళిపోయారు. మోకాళ్ళు పట్టేసి బండి మానేశారు. ఫోనులో మాట్లాడుకుంటూనే ఉంటాం. కానీ ఫోను పెట్టేశాక ఇల్లు ఇంకా నిశ్శబ్దమైపోతుంది. ఈమధ్యే ఒకరోజు ఉండబట్టలేక బస్సెక్కాను.

గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. జుట్టంతా తెల్లబడింది. నవ్వు మాత్రం అంతే గట్టిది. "ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా అండీ?" అన్నారు.

"మర్చిపోతే కదా" అన్నాను.

సాయంత్రం కర్ర పట్టుకుని రోడ్డు దాకా నడుద్దామన్నారు. రెండు వైపులా పామాయిల్ తోటలు. వెలుతురు తగ్గుతోంది. ఒక పాల వ్యాపారి క్యాన్లు కట్టుకుని మాకెదురుగా వస్తున్నాడు. లైటు మా తలల మీదుగా చెట్ల ఆకుల్లోకి పడుతోంది. నేను చూస్తూ ఉండిపోయాను.

"ఏంటండీ?" అన్నారు కరుణ గారు.

"ఆ లైటు. వాడికి దారి కనపడదు."

ఆవిడ కర్ర ఎత్తి బండి ఆపేశారు. "బాబూ, ఒక్క నిమిషం ఆగు. లైటు సరిచేస్తారు ఈవిడ."

అతను అనుమానంగా చూశాడు. "మీరాండి?"

"ఆయ్, నేనే. దిగొద్దు, అలాగే కూర్చో. స్క్రూ డ్రైవరుందా?"

సీటు కిందనుంచి తీసిచ్చాడు. నా వేళ్ళు ఒకటికి రెండుసార్లు జారాయి. కరుణ గారు ఆ స్క్రూ మీద తన ఫోను వెలుగు పట్టారు. మెల్లగా తిప్పితే లైటు ఆకుల్లోంచి దిగి, మట్టల మీదకొచ్చి, మొదళ్ళ మీదకొచ్చి, రోడ్డు మీద పరుచుకుంది. హ్యాండిలు ఇటూ అటూ తిప్పించి చూశాను. ఆరలేదు.

"అమ్మో, రోడ్డు ఇంత దూరం కనపడుతుందాండి" అన్నాడతను. దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

వెనక ఎర్రలైటు తోటల మధ్య చిన్నదవుతూ మలుపులో కలిసిపోయేదాకా చూశాం. గ్రీజు అంటిన వేళ్ళు తుడుచుకోబుద్ధి కాలేదు.

"వెళ్దామా అండీ? చలిగాలి మొదలైంది" అన్నాను.

"ఉండండి కాసేపు" అన్నారు కరుణ గారు, కర్ర మీద రెండు చేతులూ ఆనించి. "ఇంకో బండి వస్తుందేమో."

రోడ్డు రెండు వైపులా ఖాళీగా ఉంది. అక్కడే నిలబడ్డాం.